ఎవరి నోరూ నొక్కకుండా కాలనీ గ్రూపులో చెత్త తగ్గించడం ఎలా

విశాఖలో కూర్మన్నపాలెం దగ్గర మా కాలనీ వాట్సాప్ గ్రూపుకి నేను 2019 నుంచి అడ్మిన్ని. దగ్గర దగ్గర నాలుగొందల మంది ఉంటాం, స్టీల్ ప్లాంట్‌లో చేస్తున్నవాళ్లు, చేసి రిటైరైనవాళ్లు, కాంట్రాక్టు కార్మికులు, కిరాణా షాపులవాళ్లు, అద్దెకుండేవాళ్లు, ఊళ్లో అమ్మానాన్నల్ని వదిలి హైదరాబాదులోనో దేశం బయటో ఉంటూ ఇక్కడేం జరుగుతుందో చూసుకునే పిల్లలు, అందరూ. గ్రూపు పెట్టింది నీళ్లు, కరెంటు, రోడ్లు, ఎవరికైనా అవసరమొస్తే సాయం, వీటికోసం. కొన్నాళ్లకి ఏమైందంటే ఒకరోజు పొద్దున్నే మూడో వీధిలో పైపు పగిలిందని ఒకాయన ఫొటోతో సహా పెడితే, దాని కింద వరసగా గుడ్ మార్నింగ్ బొమ్మలు, ప్లాట్ల యాడ్లు, ఎక్కడిదో తెలీని ఒక వీడియో పడి ఆ ఫొటో పైకెళ్లిపోయింది, మధ్యాహ్నం దాకా ఎవరూ చూడలేదు, నీళ్లన్నీ రోడ్డు పాలు.

ఇలాంటప్పుడు ఏ అడ్మిన్‌కైనా చెయ్యి దురద పెడుతుంది, అన్నీ డిలీట్ కొట్టేద్దాం, నలుగుర్ని తీసేద్దాం అనిపిస్తుంది. అక్కడే ఆగాలి. ఇన్నేళ్లలో నేను నేర్చుకున్నది ఒక్కటే, పోస్టు పెట్టిన తీరు మీద మనం నిబంధన పెట్టొచ్చు, ఆ పోస్టులో ఉన్న అభిప్రాయం మీద పెట్టకూడదు. చెప్పడానికి తేలికే కానీ చేసేటప్పుడు రెండూ ఇట్టే కలిసిపోతాయి, కలిసిపోకుండా ఏం చెయ్యాలో నాకు తెలిసినంతలో వరసగా చెప్తాను, మీరు కొత్తగా అడ్మిన్ అయ్యుంటే ఇవాళే మొదలెట్టొచ్చు.

మొదట ఏది చెత్తో తేల్చుకోండి

ఒక వారం రోజులు దేన్నీ ముట్టుకోకండి. ఊరికే గమనించండి, ఒక కాగితం మీద రాసుకోండి. మీకు మూడు రకాలు కనిపిస్తాయి. ఒకటి, చోటు తినేవి, అంటే గుడ్ మార్నింగులు, పండగ బొమ్మలు, దేవుడి ఫొటోలు, యాడ్లు, ఒకే ప్రశ్న పదిసార్లు అడగటం. వీటివల్ల ఎవరికీ హాని లేదు, కాకపోతే పనికొచ్చే మాట వీటికింద మునిగిపోతుంది. రెండోది, దెబ్బ తగిలేవి, అంటే మనిషి పేరెత్తి బూతులు, కులం పేరుతో ఆడవాళ్ల పేరుతో అనే మాటలు, ఎవరిదో ఫోన్ నంబరు పెట్టి వీడి సంగతి చూడండి అనటం, ఫలానా వాడు దొంగ అని ఆధారం లేకుండా ఫొటో పెట్టటం. మూడోది, మనకి నచ్చనివి. కార్పొరేటర్ మంచోడని ఒకరంటే మనకి కాలుద్ది, కాదని ఒకరంటే ఇంకొకరికి కాలుద్ది. ఈ మూడోది చెత్త కాదు. గ్రూపులో నాకు వచ్చే కంప్లయింట్లలో మాత్రం ఎక్కువ దీని గురించే, "అన్నా అది తీసెయ్ అన్నా" అని ప్రైవేటుగా మెసేజ్ పెడతారు.

మొదటి దానికి వేరే చోటు చూపించాలి, రెండోదాన్ని వెంటనే తీసెయ్యాలి, మూడోదాన్ని కాపాడాలి. అడ్మిన్ పని ఇదే.

నిబంధనలు తెలుగులో, నాలుగైదు లైన్లలో

పెద్ద లిస్టు రాస్తే ఎవడూ చదవడు. మేం గ్రూప్ డిస్క్రిప్షన్‌లో పెట్టుకున్నది ఇది, కావాలంటే ఇలాగే వాడుకోండి:

"ఈ గ్రూపు మన కాలనీ పనుల కోసం. ఇక్కడ ఏ అభిప్రాయమైనా చెప్పొచ్చు, మనిషిని మాత్రం తిట్టకూడదు. ఫార్వర్డ్ పెడితే అది ఎప్పటిది, ఎక్కడిది, మీకెలా తెలిసింది, ఈ మూడూ రాయాలి. సమస్య పెడితే వీధి, టైము రాయాలి. శుభాకాంక్షలు, యాడ్లు, రాజకీయం, వీటికి పక్క గ్రూపులున్నాయి. అడ్మిన్ ఏదైనా తీసేస్తే ఎందుకు తీశారో ఇక్కడే చెప్తారు."

ఆఖరి లైను మర్చిపోకండి, అది మీ మీద మీరు పెట్టుకునే నిబంధన. మిగతావి జనం మీద, అది మీ మీద. అది లేకపోతే మిగతావాటికి విలువ రాదు.

అలాగే "నెగెటివ్ పోస్టులు వద్దు", "వివాదాస్పద విషయాలు వద్దు" లాంటి మాటలు నిబంధనల్లో రాయొద్దు. రోడ్డు మీద గొయ్యి ఉందని చెప్పటం నెగెటివ్ కాదా మరి? అసోసియేషన్ మెయింటెనెన్స్ లెక్కలు అడగటం వివాదం కాదా? ఇలాంటి మెత్తని మాటలు చివరికి ప్రశ్న అడిగేవాడి మీదే పడతాయి.

వేరే చోటు చూపించండి

వాట్సాప్‌లో కమ్యూనిటీ అనే ఏర్పాటు 2022 చివర్లో వచ్చింది, ఒకే గొడుగు కింద నాలుగైదు గ్రూపులు పెట్టుకోవచ్చు. మేం నాలుగు పెట్టాం. అడ్మిన్లు మాత్రమే రాసే ప్రకటనల గ్రూపు, కాలనీ పనుల గ్రూపు, శుభాకాంక్షలూ భక్తీ ఒకటి, అమ్మకాలూ అద్దెలూ యాడ్లకి ఒకటి. తర్వాత ఐదోది కూడా పెట్టాల్సొచ్చింది, రాజకీయాలకి, దాని పేరు రచ్చబండ. ఇష్టమున్నోళ్లే చేరతారు, చేరినవాళ్లు ఎంతసేపైనా వాదించుకోవచ్చు, తిట్టుకోకూడదనే ఒక్క నిబంధనే అక్కడ.

కానీ ఒక జాగ్రత్త. పక్క గ్రూపు అనేది పోస్టు తీరుని బట్టి పంపాల్సిన చోటే కానీ నచ్చని మనుషుల్ని తోసెయ్యటానికి పెట్టుకున్న మూల కాదు. చెత్త బండి రావట్లేదు అని ఒకాయన పెట్టి, చివర్లో ఈ ప్రభుత్వం వచ్చాక ఇంతే అన్నాడనుకోండి, దాన్ని రాజకీయం అని రచ్చబండకి తరిమేస్తే తప్పు. చెత్త బండి కాలనీ సమస్యే, ఆయన కోపం ఆయనది, ఉండనివ్వండి.

రాయటం రానివాళ్ల నోరు నొక్కెయ్యొద్దు

ఇది నేను చేసిన తప్పు, అందుకే కాస్త వివరంగా చెప్తాను. వాయిస్ మెసేజ్‌లు ఎక్కువైపోతున్నాయి, ఎవరూ వినట్లేదు అని ఒకప్పుడు నేను వాయిస్ నోట్లు నిషేధం అని పెట్టేశాను. అందరూ బాగుంది అన్నారు, గ్రూపు శుభ్రంగా కనపడింది. ఒక రెండు నెలలయ్యాక మా వెనక వీధిలో టిఫిన్ బండి పెట్టుకునే పిన్ని నన్ను ఆపి అడిగింది, "ఏటి బాబూ, కాలవ మీద పలక ఇరిగిపోయి ఎన్నాళ్లయినాది, ఎవులూ పట్టించుకోరేటి" అని. గ్రూపులో పెట్టొచ్చు కదా పిన్నీ అన్నాను. "నాకు రాయడం రాదు కదా, నువ్వు మాటాడొద్దన్నావు కదా" అంది.

వెళ్లి చూస్తే స్కూలు పిల్లలు నడిచే దారిలో కాలవ మీద పలక నిలువునా విరిగి లోపలికి కుంగిపోయి ఉంది, ఎవరో దానిమీద ఎర్ర గుడ్డ కట్టిన కర్ర గుచ్చారు. ఆ కర్ర గుచ్చింది కూడా పిన్నే. నా నిబంధన ఎవరి అభిప్రాయం మీదా పెట్టలేదు, అందరికీ ఒకటే, అయినా అది మాట్లాడనివ్వకుండా చేసింది ఎవర్నంటే టైప్ చెయ్యటం రాని పెద్దవాళ్లని, ఎక్కువగా ఆడవాళ్లని. వాళ్లే రోజంతా వీధిలో ఉండేది, అన్నీ కళ్లారా చూసేది. ఆ రాత్రే నిబంధన తీసేసి గ్రూపులో క్షమాపణ చెప్పాను.

ఇప్పుడేం చేస్తామంటే వాయిస్ పెట్టొచ్చు, ఎంత పొడుగైనా పెట్టొచ్చు, అడ్మిన్లలో ఒకరు విని కింద రెండు లైన్లు రాస్తారు. "పిన్ని చెప్పింది: స్కూలు దారిలో కాలవ పలక విరిగింది, రాత్రి లైటు కూడా లేదు" ఇంతే. రెండు నిమిషాల పని. ఆ పలక సంగతి కూడా ఫొటో, ఈ రెండు లైన్లు పట్టుకుని వార్డు సచివాలయానికి నలుగురం వెళ్లాకే కదిలింది.

అందుకే కొత్త నిబంధన ఏది పెట్టాలన్నా ముందు ఇది అడగండి, దీనివల్ల ఎవరు మాట్లాడటం మానేస్తారు? తెలుగు ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే వద్దు, అక్షర దోషాలుంటే వద్దు, చిన్న మెసేజ్‌లు వద్దు, ఇలాంటివన్నీ ఈ లెక్కలోనే చూడాలి. "నీల్లు రాలే" అని మాత్రమే రాసినా అది సమాచారమే. కింద మీరు "ఏ వీధి తమ్ముడూ? ఎప్పట్నుంచి?" అని అడగండి, రెండుసార్లు అడిగితే మూడోసారి తనే రాస్తాడు. తియ్యటం కంటే అడగటం వల్లే మా గ్రూపు ఎక్కువ బాగుపడింది.

తీసే ముందు తిరగేసి చదవండి

డిలీట్ మీద వేలు పెట్టేముందు ఆ మెసేజ్‌లో ఉన్న పార్టీ పేరో నాయకుడి పేరో తీసి, మీరు ఓటేసే పార్టీ పేరు పెట్టి మనసులో చదవండి. అప్పుడు కూడా తీసేస్తారా? తీసేస్తాను అంటే తియ్యండి. లేదు, అప్పుడైతే ఉంచుతాను అనిపిస్తే మీరు తీస్తున్నది చెత్తని కాదు, అభిప్రాయాన్ని.

మాకు దీని అసలు పరీక్ష 2021లో వచ్చింది. ఆ జనవరి 27న స్టీల్ ప్లాంట్‌లో నూటికి నూరు శాతం వాటా అమ్మెయ్యటానికి కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకుందని తెలిసి మా దగ్గర ఎలా ఉండేదో చెప్పక్కర్లేదు, కూర్మన్నపాలెం జంక్షన్‌లో దీక్షా శిబిరం, ఇంటికొకరు వెళ్లి కూర్చునేవాళ్లు. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని 1966లో 32 మంది ప్రాణాలిచ్చి తెచ్చుకున్న ఫ్యాక్టరీ అది, మా నాన్న ముప్పై ఏళ్లు చేశారు అందులో. అలాంటి రోజుల్లో గ్రూపులో ఒకాయన రాశారు, ప్రైవేటు చేతికెళ్తే కానీ ఇది బతకదు, సొంత గనుల్లేవు, అప్పులు పెరిగిపోతున్నాయి, ఊరికే ఎమోషన్‌తో నడవదు అని, ఆరేడు లైన్లు, లెక్కలతో సహా.

అంతే, ఇంక చూడండి. తీసెయ్, గ్రూపులోంచి పంపెయ్, ద్రోహి, ఎంత ముట్టింది నీకు, అని ఒక గంటలో వంద మెసేజ్‌లు. నాకూ రక్తం మరిగింది, నిజంగానే. కానీ తిరగేసి చూసుకున్నాను, ఇదే తీరులో, ఇన్నే లెక్కలతో, ఇంత మర్యాదగా అమ్మకానికి వ్యతిరేకంగా ఎవరైనా రాసుంటే నేనే మెచ్చుకుని పదిమందికీ చూపించుండేవాణ్ని. కాబట్టి ఆయనది ఉంచాను. ద్రోహి అన్నది, ఎంత ముట్టింది అన్నది, ఆయన ఇంట్లో వాళ్ల గురించి అన్నది, అవి రాసినవాళ్లకి ఫోన్ చేసి వాళ్లచేతే తీయించాను, వాళ్లు నా స్నేహితులే అయినా. తర్వాత రాశాను, "ఆయన మాటతో నేనూ ఒప్పుకోను, జవాబు రాస్తున్నాను చదవండి" అని, సొంత గనులు లేకపోవటం ఆ ఫ్యాక్టరీ తప్పు కాదు, ఇవ్వనివాళ్లది అని నా వాదన నేను పెట్టాను. మర్నాడు దాకా నడిచింది ఆ చర్చ, దాంట్లో రిటైరైన ఇంజనీర్లు ఇద్దరు ఇనుప ఖనిజం ఖర్చు గురించి చెప్పినంత వివరంగా నేను పేపర్లో కూడా చదవలేదు. ఆ పోస్టు తీయించేసుంటే అదంతా బయటికొచ్చేది కాదు. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించినప్పుడు కూడా అదే వాదన మళ్లీ మొదలైంది, ఈసారి ఎవరూ తీసెయ్ అని అడగలేదు, సరాసరి లెక్కల్లోకే దిగారు.

పుకార్ల విషయంలో మాత్రం ఆలస్యం వద్దు

అభిప్రాయం వేరు, సమాచారం వేరు. తుపాను చేసిన నష్టానికి ప్రభుత్వం సరిగ్గా సాయం చెయ్యలేదు అనేది అభిప్రాయం. రేపు సాయంత్రం నాలుగుకి సునామీ వస్తోంది అనేది సమాచారం, అది నిజమో కాదో తేలుతుంది, తేలేదాకా దాన్ని గ్రూపులో తిరగనివ్వకూడదు.

మా విశాఖలో ప్రతి అక్టోబరు, నవంబరులో బంగాళాఖాతంలో అల్పపీడనం అనగానే 2014 హుద్‌హుద్ తుపాను వీడియోలు కొత్తవి అన్నట్టు తిరుగుతాయి. అక్టోబరు 12న చూసినవాళ్లం కదా, ఆ గాలి చప్పుడు వినగానే గుండె జారిపోతుంది, ఆలోచించకుండా ఫార్వర్డ్ కొట్టేస్తాం. ఇలాంటి సీజన్‌కి ముందే గ్రూపులో ఒక చిన్న నోట్ పెట్టి ఉంచండి. మేం పెట్టేది ఏంటంటే, వాతావరణ శాఖ బులెటిన్‌కి తేదీ, టైము ఉంటాయి, అవి లేని మెసేజ్ నమ్మొద్దు. రేవులో ఎగరేసే ప్రమాద హెచ్చరికల నంబర్లు ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటాయి, అవి ప్రధానంగా ఓడలకీ బోట్లకీ, ఒకటి రెండు అంటే తుపాను ఇంకా సముద్రంలో దూరంగానే ఉందని, ఎనిమిది తొమ్మిది పది వస్తే అది మహా ప్రమాదం. మూడో నంబరు అని వినగానే ఇల్లు ఖాళీ చేసే పనిలేదు, పదో నంబరు అంటే ఫోన్ పట్టుకుని కూర్చోకూడదు.

ఫార్వర్డ్ మీద రెండు బాణాలు కనిపిస్తే అది కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని గుర్తు. అలాంటివాటిని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలిగేలా వాట్సాప్ 2020 ఏప్రిల్‌లో కట్టడి చేసింది, ఎందుకు చేసిందో అర్థం చేసుకోవచ్చు. రెండు బాణాలుంటే అబద్ధమని కాదు, పెట్టినాయన దాన్ని కళ్లారా చూళ్లేదని మాత్రం కచ్చితం. "అంకుల్, ఇది మీకెక్కణ్నుంచి వచ్చింది?" అని అడిగితే చాలు, సగం పెట్టినవాళ్లే తీసేసుకుంటారు.

2020 మే 7న ఆర్.ఆర్.వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకైన రోజు మేం నేర్చుకున్నది ఇంకోటుంది. ఆ రాత్రి మళ్లీ లీకవుతోందని మాట పాకి జనం పిల్లల్ని ఎత్తుకుని రోడ్లెక్కారు. మా గ్రూపులో ఆ మాట పెట్టినవాళ్లకి ఫోన్ చేసి నేను వరసగా డిలీట్ చేయించుకుంటూ పోయాను, దాంతో భయం ఇంకా పెరిగింది, ఏదో దాస్తున్నారు అనుకున్నారు. అలాంటప్పుడు ఉత్తినే తీసెయ్యకూడదు. తీసిన వెంటనే ఒక లైను ఉండాలి, "ఇది తీశాను, ఎందుకంటే టైము లేదు, ఎవరు చెప్పారో లేదు. ఇప్పటికి తెలిసింది ఇది, ఇంకో అరగంటలో మళ్లీ చెప్తాను." అరగంటలో ఏమీ తెలియకపోయినా వచ్చి కొత్త సంగతేమీ లేదని రాయండి.

పిల్లల్ని ఎత్తుకెళ్లేవాళ్లు అని ఎవరి ఫొటో అయినా వస్తే ఒక్క నిమిషం కూడా ఉంచకండి. 2018 ఎండాకాలంలో పార్ధీ గ్యాంగ్ పుకార్లు మన తెలుగు జిల్లాల్లో ఎలా తిరిగాయో, ఆ ఏడాది దేశంలో ఎంతమంది అమాయకుల్ని కొట్టి చంపారో గుర్తుంది కదా. అక్కడ చర్చ లేదు, తీసి, పోలీసులకి 112కి చెప్పమని రాయటమే.

మనిషితో విడిగా మాట్లాడండి

గ్రూపులో పదిమంది ముందు అంటే ఎవరికైనా పరువు సమస్య అవుద్ది, ఇంక మొండికేస్తారు. మొదటిసారి ఎప్పుడూ విడిగానే. పెద్దవాళ్లయితే మెసేజ్ కూడా కాదు, ఫోన్ చెయ్యండి, లేదా సాయంత్రం వాకింగ్‌లో కలవండి. "మాస్టారూ, మీరు చెప్పిన విషయం ఉంచాను, ఆ ఒక్క మాట మాత్రం ఆయన్ని అన్నట్టుంది, అది తీసి మళ్లీ పెట్టండి" అంటే కాదనేవాళ్లు తక్కువ. విషయం ఉంచాను అనే ముక్క ముందు చెప్పాలి, ఏమాట తప్పో అదే వేలు పెట్టి చూపించాలి. ఊరికే "కాస్త చూసుకుని పెట్టండి" అంటే ఏం చూసుకోవాలో ఆయనకి తెలీదు, అసలు రాయటమే మానేస్తారు.

రెండోసారికి గ్రూపులోనే ఒక లైను. మూడోసారికి ఒక వారం బయట. వారం అవగానే మీరే లింకు పంపి పిలవండి, ఆయన బతిమాలుకునే పరిస్థితి పెట్టొద్దు. శాశ్వతంగా తియ్యటం అనేది బెదిరింపులకీ అశ్లీల వీడియోలకీ తప్ప మేం వాడలేదు.

గొడవ మరీ ముదిరితే అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్టింగ్ మార్చొచ్చు, కానీ మళ్లీ ఎప్పుడు తెరుస్తారో ముందే చెప్పండి. "రాత్రి పదయ్యింది, పొద్దున్న ఏడుకి తెరుస్తాం, చర్చ అక్కణ్నుంచే" అని. టైము చెప్పకుండా మూసేస్తే అది నోరు మూయించటమే.

మీ మీద కూడా ఒక కన్ను ఉండాలి

అడ్మిన్ తీసిన మెసేజ్ చోట ఫలానా అడ్మిన్ తీశారని పేరుతో సహా కనపడుతుంది, అది మంచిదే. దాంతోపాటు ఒక నోట్‌బుక్ పెట్టుకోండి, తేదీ, ఏం తీశారు, ఎందుకు, అంతే. నెలకోసారి తిరగెయ్యండి. నేను మొదటిసారి అలా చూసుకున్నప్పుడు తీసినవాటిలో ఎక్కువ నాకు నచ్చని వైపువాళ్లవే కనపడ్డాయి, నా వైపువాళ్లు అలాంటి మాటలే అంటే కంటికి ఆనలేదన్నమాట. ఆ తర్వాతే అడ్మిన్ల సంఖ్య పెంచాం. ఇప్పుడు ఐదుగురం, రెండు పార్టీల అభిమానులూ ఉన్నారు, ఇద్దరు ఆడవాళ్లు, ఒకరు అద్దెకుండే అబ్బాయి. అద్దెకుండేవాళ్లు ఉండటం మా దగ్గర చాలా తేడా తెచ్చింది, ఎందుకంటే పార్కింగ్, నీళ్ల మోటారు గొడవల్లో ఓనర్లు రాసింది కంప్లయింటుగానూ వాళ్లు రాసింది గలాటాగానూ కనపడేది మా అందరికీ. మనిషిని బయటికి పంపాలంటే ఇద్దరు ఒప్పుకోవాలి, అందులో ఒకరు అవతలి వైపువారై ఉండాలి.

గ్రూపులో ఎవరో ఏదో పెడితే అడ్మిన్‌ని లోపలేస్తారు అనే భయంతో కూడా చాలామంది అన్నీ తీసేస్తుంటారు. సభ్యుడు పెట్టినదానికి కేవలం అడ్మిన్ అయిన పాపానికి అతను బాధ్యుడు కాడని కేరళ హైకోర్టు 2022 ఫిబ్రవరిలో చెప్పింది, అంతకుముందు బొంబాయి హైకోర్టూ ఆ మాటే చెప్పింది. ఆన్‌లైన్‌లో చిరాకు తెప్పించే రాతలకే అరెస్టు చెయ్యగలిగిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24నే కొట్టేసింది. కాబట్టి ఎవరో ఎమ్మెల్యేని విమర్శించారని వణికిపోయి తియ్యకండి. మీరు స్వయంగా పెట్టినదానికీ ఫార్వర్డ్ చేసినదానికీ మాత్రం మీరే బాధ్యులు.

ఆరు నెలలకోసారి అడ్మిన్లలో ఇద్దర్ని మార్చండి. దిగిపోయేవాళ్లు ఆ నోట్‌బుక్ కొత్తవాళ్లకి ఇచ్చి, ఇద్దరూ కూర్చుని ఒకసారి మొత్తం చదవాలి. పోయినసారి మా దగ్గర నోట్‌బుక్ తీసుకున్నది ఆ టిఫిన్ బండి పిన్ని వాళ్లమ్మాయి, ఇంటర్ అయ్యాక డిగ్రీలో చేరింది. వాయిస్ నోట్లన్నీ విని రెండు లైన్లు రాసే పని ఇప్పుడు ఆ అమ్మాయే చూస్తోంది.